పాత మంచము, కొత్త నులక

వేసవికాలమున పాలమూరు, నల్లగొండ ప్రాంతములలో పగటి యెండకు బండలు కాగిపోవును. ఈ సీమ మెరక నేల. ఎటు చూచినను రాతిగుట్టలు, ఎర్రని చెలకలు. ప్రొద్దు గ్రుంకిన తరువాత గూడ రాతిగోడల యిండ్లు చాలసేపు వేడిని విడిచిపెట్టవు. అందుచేత సాయంకాలము కాగానే ఆడవారు వాకిట నీళ్ళు చల్లుదురు. మగవారు మంచములు మోసికొని వచ్చి వరుసగా వేయుదురు. నులక సందులనుండి క్రిందిగాలి పైకి వచ్చును. ఎంత మెత్తని పరుపైనను ఆ రాత్రులలో నులకమంచ మిచ్చు సుఖమును ఈయజాలదు.

మంచము పడుకొనుటకు మాత్రమే కాదు. ఇంటికి చుట్టము వచ్చినచో మొదట మంచము వాల్తురు. పిమ్మట చెంబుతో నీళ్ళిత్తురు. మిరపకాయలు, వడియములు దానిమీద ఎండును. పిల్లలు దానిమీద కూర్చుండియే పలకమీద వ్రాసికొందురు. దవాఖాన దూరముగా నున్న యూళ్ళలో రోగిని మంచముమీద పరుండబెట్టి నలుగురు మోసికొని పోయెడివారు. ఇన్ని విధముల అక్కరకు వచ్చు వస్తువు పాతబడినప్పుడు దాని నేమి చేయవలెను? ఈ ప్రశ్న మా యింటిలో ఒకనాడు పుట్టినది. దానికి దొరికిన జవాబును, ఆ జవాబు నన్ను ఎంతదూరము తీసికొనిపోయినదో ఆ సంగతిని మీకు చెప్పెదను.

మా యింట నొక పెద్ద మంచ ముండెడిది. మా నాయనమ్మ కాపురమునకు వచ్చినపుడు ఆమె పుట్టినింటివారు పెట్టినది. దాని కోళ్ళు తుమ్మకొయ్యతో చేసినవి, పట్టెలు వేపకొయ్యవి. ఏండ్ల తరబడి పడుకొనగా పడుకొనగా నులక సాగి మధ్యభాగము తొట్టెలవలె క్రిందికి దిగినది. దానిమీద పడుకొన్నవానికి తెల్లవారునప్పటికి నడుము పట్టుకొనెడిది. ఒకచోట నులక తెగి కాలు దూరునంత సందు పడినది. అప్పుడు మా నాయన, "దీనిని కొట్టి పొయ్యిలోనికి పెట్టుదము. పట్నమునుండి ఇనుపమంచము తెత్తును" అనెను.

నాయనమ్మ మంచముమీద చేయి వైచి యిట్లనెను: "కోళ్లు గట్టిగ లేవా? పట్టెలు ఇరిగినయా? తాడు సాగితే మంచం సచ్చినట్టేనా, కొడుకా?"

మా నాయన మారు పలుకలేదు. మరునాడు ప్రక్క యూరినుండి మంచములు అల్లు ముసలివాడు వచ్చెను. ఊరిలో ఆయనను పేరు పెట్టి పిలుచువారు లేరు; అందరికిని ఆయన తాతయే. నేను అప్పుడు మీ తరగతిలోనే చదువుచుంటిని. వేసవి సెలవులు. ఆ దినమంతయు ఆయన ప్రక్కనే కూర్చుంటిని.

తాత వచ్చీరాగానే కత్తి పుచ్చుకొని నులకను తెగగోయునని నేను తలచితిని. ఆయన అట్లు చేయలేదు. మొదట మంచముచుట్టు రెండుమారులు తిరిగి చూచెను. నులక ఎచ్చట ముగిసినదో వెదకి, ఆ ముడి విప్పి, అల్లినదానికి ఎదురు క్రమమున ఒక్కొక్క వరుసను విడదీయసాగెను. "కోస్తే తొందరగ అయితది గద, తాతా?" అని నేనంటిని. "కోస్తే అల్లిక ఎట్ల పోయిందో ఎట్ల తెలుస్తది, బిడ్డా?" అని ఆయన నవ్వెను. నాకు అప్పటికి ఆ మాట పూర్తిగా బోధపడలేదు. పాతవస్తువును బాగుచేయువాడు మొదట దానిని చదువవలెను. ఎవడో ఒక పనివాడు ఏబది యేండ్ల క్రిందట ఏ మూల మొదలుపెట్టినాడో, ఎన్ని పోగులు కలిపి లాగినాడో, ఎచ్చట ముడి వేసినాడో, అదియంతయు ఆ పాత నులకలో వ్రాసియున్నది. తెగగోసినచో ఆ వ్రాత చెరిగిపోవును. విప్పిన నులకలో గట్టిగానున్న మూరలను తాత వేరుచేసి చుట్టపెట్టెను. అవి దూడలకు పలుపులైనవి.

నులక ఊడిన పిమ్మట మిగిలినది ఒట్టి చట్రము. నాలుగు కోళ్ళు, రెండు నిలువుపట్టెలు, రెండు అడ్డపట్టెలు. ఒక్క మేకైనను లేదు. పట్టెల కొనలను సన్నగా చెక్కి కోళ్ళ తలలలోని బెజ్జములలో దూర్చినారు. నులక బిగువే ఆ కీళ్ళను పట్టియుంచును. నులక వదులైనకొలది కీళ్ళు గూడ వదులగును. కీళ్ళు వదులైనకొలది మంచము ఊగును. ఊగినకొలది బెజ్జములు అరుగును. కావున నులకను పట్టించుకొననివాడు చివరకు కొయ్యను గూడ పోగొట్టుకొనును. మా మంచమున రెండు బెజ్జములు అట్లే అరిగియున్నవి. తాత వాటిలో పలుచని కొయ్యచీలలు కొట్టి సరిచేసెను. కోళ్ళలోని సందులలో నల్లులు కాపురముండెడివి. చట్రమును బండమీద నిలువబెట్టి కాగిన నీళ్ళు పోసి, ఎర్రని యెండలో ఎండబెట్టెను.

తరువాత ఆయన చేసిన పని నాకు మిక్కిలి వింతగా తోచినది. ఒక సన్నని దారమును తీసికొని, తలవైపు ఎడమకోటినుండి కాళ్ళవైపు కుడికోటివరకు కొలిచెను. ఆ దారముతోనే రెండవ ప్రక్క మూలనుండి మూలకు కొలిచెను. బొటనవ్రేలి వెడల్పంత తేడా వచ్చెను. ఒక కోటిని మెల్లగా సుత్తితో తట్టి మరల కొలిచెను. రెండు కొలతలు ఒక్కటియగువరకు ఆయన నులకను ముట్టలేదు. మీరు గణితములో దీనిని చదివియుందురు. ఎదురెదురు భుజములు సమానముగా నున్నంతమాత్రమున అది దీర్ఘచతురస్రము కానేరదు. ప్రక్కకు ఒరిగిన సమాంతర చతుర్భుజము గూడ కావచ్చును. కర్ణములు రెండును సమానమైనపుడే నాలుగు మూలలు లంబకోణములగును. తాత బడికి పోయినవాడు కాడు. ఆ సూత్రము ఆయన దారములో నుండెను.

ఇక నులక. ఆ కాలమున మా వైపు గోగునార, జనుపనార, కిత్తనార వాడెడివారు. గోగుకట్టెలను మోపులు కట్టి కుంటనీటిలో ముంచి, పైన రాళ్ళు పెట్టి కొన్నిదినములు ఊరవేయుదురు. నారను కట్టెకు అంటించియుంచెడి జిగురుపదార్థమును నీటిలోని సూక్ష్మజీవులు తినివేయును. ఆ దినములలో కుంటప్రక్కన నడచుట కష్టము. ఆ వాసన అట్టిది. పిమ్మట నారను ఒలిచి, ఉదికి, ఎండబెట్టి, పురి పెట్టుదురు. పురి పెట్టుటలో ఒక సూక్ష్మమున్నది. ఒక్కొక్క పేటను ఒక దిక్కునకు మెలిపెట్టి, ఆ పేటలను కలుపునపుడు ఎదురు దిక్కునకు మెలిపెట్టవలెను. విడిపోవలెనని ఒక మెలిక ప్రయత్నించును. రెండవ మెలిక దానిని విడిపోనీయదు. త్రాటి బలమంతయు ఈ పోటీలోనే యున్నది.

అల్లికకు ఇద్దరు మనుష్యులు కావలెను. తాత నులకయుండను సందులలో దూర్చుచుండగా నేను ఆవలిప్రక్క అందుకొని యిచ్చితిని. రెండు పోగులమీదుగా, రెండు పోగుల క్రిందుగా, ఒక వరుసకు ఒక పోగు జరుగుచు పోవును. సగము పని కాగానే నడుమ వజ్రపు ఆకారము గళ్ళు తేలుట చూచి నేను సంతోషముతో కేక వేసితిని. ఐతే కాళ్ళవైపు జానెడు మేర మిగిలియుండగానే తాత అల్లిక నాపివేసెను. అచ్చట అడ్డముగా ఒక లావుపాటి త్రాటిని వేసి, అల్లికను దానికి ముగించెను. ఆ త్రాటినుండి కాళ్ళవైపు అడ్డపట్టెకు మరియొక త్రాటిని మెలికలు మెలికలుగా దూర్చి గట్టిగా లాగి ముడివేసెను. "ఇంత సందు ఎందుకు విడిచినవు, తాతా? నులక చాలలేదా?" అని అడిగితిని.

"తాడన్నంక సాగుతది, బిడ్డా. సాగినప్పుడల్ల మొత్తం ఇప్పుతవా? ఈ ఒక్క తాడు గుంజి కడితే సాలు" అని ఆయన చెప్పెను.

ఆ జానెడు సందు నాకు ఇప్పటికిని ఆశ్చర్యము కలిగించును. మంచమును మొట్టమొదట కనిపెట్టినవా డెవడో మనకు తెలియదు. తాను చేయు వస్తువు సాగునని, అరుగునని అతనికి తెలియును. దానిని దాచిపెట్టలేదు. సాగినపుడు బిగించుటకు చోటు విడిచినాడు. నేడు అంగళ్ళలో అమ్ము కుర్చీలు, సోఫాలు అనేకము చూచుచున్నాను. వాటిలో చాలవాటికి గుడ్డ చినిగినచో విప్పుటకు వీలుండదు, జిగురుతో అంటించివేయుదురు. అట్టి కుర్చీ ఎంత అందముగా నున్నను, మా తాత యెదుట పెట్టినచో ఆయన దాని చుట్టు రెండుమారులు తిరిగి పెదవి విరిచెడివాడు.

తాత పోవునపుడు మరియొక జాగ్రత్త చెప్పెను. మంచము వానలో తడిసినచో వెంటనే కాళ్ళత్రాటిని కొంచెము వదులు చేయవలెను. నారత్రాడు నీటిని పీల్చినపుడు లావెక్కి పొడవున కురుచగును. ఆ బిగువుకు చట్రము వంకరపోవును. ఎండిన తరువాత మరల బిగించుకొనవలెను.

మరుసటి యేడు నేను స్వయముగా ఒక చిన్నమంచమును అల్లబూనితిని. చూచినది నాకు వచ్చినట్లే యనుకొంటిని. దారముతో కొలుచుట గుర్తున్నది, కొలిచితిని. ఐతే ఒకవైపు పోగులన్నిటిని మొదట గట్టిగా లాగి, తరువాత రెండవవైపు పని పెట్టుకొంటిని. సాయంకాలమునకు మంచము సిద్ధమయ్యెను. వాకిట వేసి చూడగా మూడు కోళ్ళు నేలమీద, నాలుగవది గాలిలో! మా చెల్లెలు దానిమీద కూర్చుండి టకటక ఊగుచు పకపక నవ్వెను. తాత వచ్చి చూచి నన్ను తిట్టలేదు. మొత్తము విప్పించెను. బిగువును ఈ ప్రక్క కొంత, ఆ ప్రక్క కొంత పంచుకొనుచు పోవలెనని చూపించెను. విప్పుటకు ఒక పూట, అల్లుటకు ఒక దినము పట్టెను. నా వ్రేళ్ళకు బొబ్బలెక్కెను.

మంచము కుదిరిన తరువాత మా నాయనమ్మకు పరుపుమీదికి మనసు పోయినది. చలికాలమునకు వాడు దూదిపరుపు గడ్డకట్టి, ఒకచోట ఉండలు, మరియొకచోట ఒట్టిగుడ్డయై యుండెను. దానిని బాగుచేయుటకు దూదేకులవారు కావలెను. వారిని పింజారులనియు, లద్దాఫులనియు గూడ పిలుతురు. వీరబ్రహ్మముగారి ప్రియశిష్యుడు సిద్దయ్య ఈ దూదేకుల కుటుంబమున పుట్టినవాడే. చలికాలము రాకముందు దూదేకులాయన నిలువెత్తు విల్లును భుజమున వేసికొని, దాని అల్లెత్రాటిని టంయి టంయిమని మీటుచు వీధివెంట వచ్చెడివాడు. ఆ ధ్వనియే ఆయన పిలుపు.

పరుపును ఒక ప్రక్క కుట్లు విప్పి, దూదినంతయు బయటికి తీసి, ఎండలో ఆరబోయుదురు. దూదేకులాయన విల్లును దూదిమీద వ్రేలాడునట్లు పట్టుకొని, నడుమ సన్నమై రెండుకొనలు లావైన కొయ్యముద్దతో నరపుత్రాటిని కొట్టును. ఆ అదురుకు దూది ఉండలు విచ్చి మేఘమువలె పైకి లేచును. దుమ్ము, గింజపొట్టు క్రింద పడును. ఇందలి రహస్యము మీరు తెలిసికొనదగినది. ప్రత్తిపోగును సూక్ష్మదర్శినిలో చూచినచో మెలితిరిగిన పట్టీవలె కనబడును. అట్టి పోగులు ఒకదానిమీద నొకటి వంకరటింకరగా పడియున్నప్పుడు వాటి నడుమ గాలి నిలుచును. పరుపు మెత్తదనము, వెచ్చదనము ఆ గాలివే. మనిషి బరువు, చెమట కలిసి పోగులను అణచివేయగా గాలి పోవును. ఏకుట యనగా పోయిన గాలిని మరల దూదిలోనికి తెచ్చుట. దూది పాతదే, బరువు గూడ ఇంచుమించు పాతదే. పరుపు మాత్రము రెండింతలు లావగును. పిమ్మట కొత్తగుడ్డలో దూదిని సమముగా పరచి, అక్కడక్కడ పైనుండి క్రిందికి లావుదారముతో టాకాలు వేయుదురు. ఆ టాకాలు లేకున్నచో దూది నెలతిరుగక మునుపే ఒక మూలకు చేరును.

దూదేకువారి పనిలో ఒక కష్టమున్నది. ఆ దుమ్ము వారి ఊపిరితిత్తులలోనికి పోవును. ప్రత్తిదుమ్మును ఏండ్ల తరబడి పీల్చినవారికి రొమ్ము బిగబట్టుట, దగ్గు, ఆయాసము వచ్చునని వైద్యులు నిర్ణయించినారు. మా యింటికి వచ్చిన దూదేకులాయన ముక్కునకు తువ్వాలు చుట్టుకొనెడివాడు; ఐనను పని ముగియునప్పటికి కనుబొమలు, మీసములు తెల్లబడియుండెడివి. మేము పిల్లలము ఆయనను చూచి ముసలివాడైనాడని నవ్వెడివారము. ఆ నవ్వు తలచుకొన్నప్పుడు నాకు నేడు సిగ్గు కలుగును. ఇప్పుడు ఏకుటకు యంత్రములు వచ్చినవి. విల్లు మోయుట తప్పినది; దుమ్ము తప్పలేదు. కావున పరుపు ఏకించుకొనువారు ఇరుకు గదిలో గాక గాలి వీచు తావున ఆ పని జరుగునట్లు చూడవలెను.

దిండ్లకు మా వైపు బూరుగుదూది వాడెడివారు. నల్లమల అడవులలో బూరుగుచెట్లు కలవు. ఆకులన్నియు రాలిన తరువాత ఎర్రని పెద్దపూవులు పూచి, ఎండలు ముదురునప్పటికి కాయలు పగిలి పట్టువంటి దూది గాలికి ఎగురును. ఈ దూదిపోగు ప్రత్తిపోగువలె మెలిక తిరిగియుండదు. నున్నగా, లోపల బోలుగా నుండును. నున్నగా నుండుటచేత దారము వడుకుటకు పనికిరాదు. బోలుగా నుండి, పైన మైనపుపొర కలిగియుండుటచేత నీటిని సులభముగా పీల్చదు. దాని దాయాది తెల్లబూరుగు. జావాదీవినుండి వచ్చు తెల్లబూరుగు దూదిని ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున ఓడలలోని ప్రాణరక్షణ కవచములలో కూరెడివారు. ఇంటిలో తలక్రింద పెట్టుకొను దిండు, సముద్రములో మనిషిని తేల్చు కవచము ఒకే జాతి దూదితో తయారైనవన్నమాట!

నీటిమాట వచ్చినది గనుక మన కృష్ణానదిని తలచుకొందము. కృష్ణ పూర్వపు పాలమూరు జిల్లాలో ప్రవేశించి, ఆ జిల్లాకును నల్లగొండ జిల్లాకును దక్షిణపుటంచుగా ప్రవహించుచున్నది. ఈ నదిని దాటుటకు మనవారు తరతరములుగా పుట్టి నెక్కుచున్నారు. పుట్టి యనగా గుండ్రని పెద్దగంపవంటి పడవ. వెదురుబద్దలతో బుట్ట అల్లి, దానికి వెలుపల తోలు తొడిగెడివారు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు తుంగభద్రమీది ఇట్టి పడవలను గూర్చి వ్రాసినాడు. వాటిలో పదునైదు ఇరువదిమంది పట్టుదురనియు, అవి నీటిలో గిరగిర తిరుగుచునే సాగుననియు ఆయన చెప్పినాడు. తరువాతి కాలమున తోలునకు బదులు తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టాలు వచ్చినవి. ఐనను పద్ధతి మారలేదు. లోపలి బుట్ట యెముక. వెలుపలి తొడుగు చర్మము. చర్మము చినిగినపుడు పుట్టిని ఒడ్డున బోర్లించి, పాతతొడుగు ఊడదీసి, విరిగిన బద్దలు మార్చి, కొత్తతొడుగు వేయుదురు. మా నాయనమ్మ మంచమునకు, కృష్ణమీది పుట్టికి ఇంతటి చుట్టరికమున్నదని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

నాగార్జునసాగరమున, సోమశిలవద్ద నేడు లాంచీలు తిరుగుచున్నవి. సాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలినారు. ఆ జలాశయపు నడుమ దీవియైన నాగార్జునకొండమీద, మునిగిన లోయనుండి తెచ్చిన శిల్పములను భద్రపరచినారు. ఇక్ష్వాకుల కాలపు ఆ శిల్పములలో రాజులు ఆసనములమీద కూర్చున్న దృశ్యములు కలవు. పదునారు, పదునేడు వందల యేండ్ల క్రిందటి రాతి ఆసనములు చెక్కుచెదరలేదు. ఆనాటి నిజమైన ఆసనముల కొయ్య, గుడ్డ, దూది ఏనాడో మట్టిలో కలిసినవి.

లాంచీలోని మెత్తలకు ఇంటిలోని మెత్తలకు లేని శత్రువులు మూడు: ఎండ, నీరు, బూజు. ఇంటి సోఫాను బాగుచేసినట్లు పడవ మెత్తను బాగుచేసినచో అది ఒక వానకాలమైనను నిలువదు. ప్రత్తిదారముతో కుట్టినచో, గుడ్డ గట్టిగా నుండగనే కుట్లు కుళ్ళి విడిపోవును. పాలియెస్టర్ దారము కావలెను. మామూలు ఇనుపమేకులు త్రుప్పుపట్టి గుడ్డను తినివేయును. ఇత్తడివి గాని త్రుప్పుపట్టని ఉక్కువి గాని కొట్టవలెను. మెత్త నీటిని లోనికి పోనీయకుండుట యెట్లని చాలమంది ఆలోచింతురు. అనుభవజ్ఞుడైన పనివాడు, పోయిన నీరు బయటికి వచ్చుట యెట్లని ఆలోచించును. నీరు కుట్లసందులనుండి ఎట్లైనను పోవును. కావున మెత్త క్రింది పలకకు రంధ్రములు పెట్టును. క్రిందివైపు గాలి ఆడెడి జాలిగుడ్డ కుట్టును. నీటిని పీల్చక దిగవిడిచెడి స్పంజిని కోరుకొనును. రాత్రివేళ మెత్తలను పరచి యుంచక, అంచుమీద నిలువబెట్టినచో తెల్లవారునప్పటికి ఆరిపోవును. ఇంటి వాకిటనో, డాబామీదనో వేసికొను మెత్తలకు గూడ ఇదియే పద్ధతి.

ఒక్క విషయమున మాత్రము చేతిపని పనికిరాదు. పడవలోని ప్రాణరక్షణ కవచము చినిగినపుడు దానిని ఇంటిలో దూది కూరి కుట్టరాదు. కూర్చుండు మెత్త తప్పుగా కుట్టినచో తడియగును, అంతే. కవచము తప్పుగా కుట్టినచో మనిషి మునుగును. పూర్వపు బూరుగుదూది కవచములు గూడ అణగిపోయినప్పుడు, నూనె పీల్చినప్పుడు తేలుశక్తిని పోగొట్టుకొనెడివి. పాతదానిని కాపాడుకొనుట నాకు ప్రియమైన పనియే. ఐనను చినిగిన కవచమును పారవేయుటయే మంచిది.

పాతదానిని ఎంతవరకు మార్చవచ్చును? ఈ ప్రశ్నకు హైదరాబాదు నగరములో రెండు జవాబులు కలవు. సాలార్‌జంగ్ మ్యూజియములో టిప్పుసుల్తానువని చెప్పబడు దంతపు కుర్చీలున్నవి. వాటిమీద ఎవరును కూర్చుండరు. కూర్చుండకుండుటయే వాటికి రక్ష. అచ్చట పాత పోగు ఒక్కటియైనను పోకుండ కాపాడుటయే పని. ఫలక్‌నుమా భవనము సంగతి వేరు. 1893లో పూర్తియైన ఆ భవనము చాలకాలము మూతపడియుండి, ఏండ్ల తరబడి జరిగిన మరమ్మతుల తరువాత 2010లో హోటలుగా తెరువబడినది. అందు నూటొక్కమంది ఒక్కసారి కూర్చుండి భుజింపగల పొడవైన బల్ల కలదు. ఆ బల్లచుట్టు కుర్చీలమీద మనుష్యులు నేడును కూర్చుందురు. కూర్చుండు కుర్చీ బరువు మోయవలెను. మోయుటకు కావలసినది మార్చక తప్పదు.

విలాయతీ పద్ధతి కుర్చీ లోపల ఏమున్నదో మీలో చాలమంది చూచియుండరు. మొదట చట్రమునకు అడ్డముగా, నిలువుగా అల్లిన గట్టి పట్టీలు, వాటిమీద చుట్టలు తిరిగిన ఉక్కు స్ప్రింగులు, వాటిపై గోనెగుడ్డ, ఆపైన కొబ్బరిపీచు గాని గుర్రపువెండ్రుకలు గాని, ఆపైన దూది, అన్నిటికిని పైన అందమైన గుడ్డ. క్రింది పట్టీలను చూచినచో మన నవారుమంచమే జ్ఞాపకము వచ్చును. కుర్చీ కుంగినదని పైన మరికొంత దూది కూరువారున్నారు. అది తెలివితక్కువ పని. తెగినది క్రింది పట్టీ. దానిని మార్చక పైన ఎంత కూరినను బరువు పెరిగి మరింత కుంగును. విప్పునపుడు ఒక్కొక్క పొరను క్రమముగా తీసి, ప్రక్కన వరుసగా పెట్టి, పాతగుడ్డను పారవేయక దానినే కొలతగా పరచి కొత్తగుడ్డను కత్తిరింతురు. తాత నులకను కోయక విప్పిన కారణము ఇచ్చట గూడ చెల్లును.

పైగుడ్డకు మన జిల్లాలోనే మంచి వస్త్రము దొరకును. పూర్వపు నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, కొయ్యలగూడెము నేతగాండ్రు నూలుపోగులకు మగ్గమెక్కకమునుపే కట్లు కట్టి రంగు లద్దుదురు. గుడ్డమీద అద్దిన రంగు ఒకవైపే పండును. పోగులకే అద్దిన రంగు రెండువైపుల ఒక్కతీరుగా నుండును. కావున ఆ గుడ్డతో కుట్టిన దిండుగలీబు ఒకవైపు వెలిసినచో, కుట్లు విప్పి తిరుగవేసి కుట్టుకొనవచ్చును. ఒక్క గుడ్డకు రెండు జీవితములు! ఐతే దానిని రోజంతయు ఎండ పడు చోట పరచుట న్యాయము కాదు. అట్టి చోట్లకు మన కురుమవారు నేసిన నల్లగొంగడి మేలు. చింతగింజల గంజి పట్టించి నేసిన ఆ ఉన్నిగొంగడి బండిమీద పరుపగును, వానలో గొడుగగును.

నేడు మా యూరిలో గోగునులక పేనువారు లేరు. ప్లాస్టిక్ త్రాళ్ళు, నైలాన్ పట్టీలు వచ్చినవి. వాటిని నేను నిందింపను. అవి నీటికి కుళ్ళవు; నల్లులు చేరుట తక్కువ. ఎండకు మాత్రము పెళుసెక్కి పుటుక్కున తెగును. నాయనమ్మ మంచమునకు గూడ ఇప్పుడున్నది ప్లాస్టిక్ త్రాడే. అది నాలుగవ అల్లిక. కోళ్ళు, పట్టెలు ఆమె కాపురమునకు వచ్చిన నాటివే. అల్లినది నేను, ఆవలిప్రక్క త్రాడు అందుకొన్నది మా మనుమరాలు. మొదలుపెట్టుటకు ముందు ఆమె ఫోనులోని కొలతపట్టీ తీయబోయినది. నేను దారము చేతికిచ్చితిని. రెండు మూలల కొలతలు ఒక్కటియగువరకు ఆమె నాలుగుమారులు కోటిని తట్టినది. కాళ్ళవైపు రాగానే, "జానెడు విడువాలె గద, తాతా?" అని తానే ఆగినది.

ఈ వేసవిలో త్రాడు కొంచెము సాగినది. నిన్న సాయంకాలము వాకిట నీళ్ళు చల్లిన తరువాత ఆమె కాళ్ళత్రాటిని ముడి విప్పి, పట్టెకు కాలు తన్నిపెట్టి, రెండు చేతుల గుంజి మరల కట్టినది.